గాలికి కట్టే వడ్డీ

పోయిన ఏడాది జూన్‌లో ఒక ఆదివారం ఉదయం భీమిలి నుంచి విశాఖకు సైకిల్ మీద తిరిగి వస్తున్నాను. వెళ్ళేటప్పుడు నైరుతి గాలి వీపున తోసింది కాబట్టి నేనేదో గట్టి సైక్లిస్టునైపోయానని మురిసిపోయాను. తిరుగు ప్రయాణంలో అదే గాలి ఎదురొచ్చేసరికి అసలు సంగతి తెలిసింది. మంగమారిపేట దాటాక తల వంచుకుని, పళ్ళు బిగించి తొక్కుతుంటే నా పక్కనుంచి, నా నడుమెత్తులో, ఏదో నిశ్శబ్దంగా జారుకుంటూ ముందుకెళ్ళింది. చూస్తే సైకిలే. కాకపోతే దాని మీద మనిషి పడక కుర్చీలో కూర్చున్నట్టు వెనక్కి వాలి, కాళ్ళు ముందుకు చాపి తొక్కుతున్నాడు. జుట్టంతా తెలుపే. ఆయాసం కూడా ఉన్నట్టు లేదు.

నలభై దాటిన నన్ను అరవై దాటిన మనిషి అలా దాటిపోతే ఊరుకోవడం కష్టం. కానీ ఎంత తొక్కినా దూరం పెరిగిందే తప్ప తగ్గలేదు. చివరికి రుషికొండ ఎత్తు దగ్గర దొరికాడు. అక్కడ ఆయన సైకిల్ పాములా మెలికలు తిరుగుతూ మెల్లగా ఎక్కుతోంది. నేను పెడల్స్ మీద లేచి నిలబడి, ఒళ్ళంతా బరువు వేసి తొక్కి దాటేశాను. ఎత్తు దిగాక కొబ్బరిబొండాల దగ్గర ఇద్దరం ఆగాం.

షిప్‌యార్డులో వెల్డరుగా పనిచేసి రిటైరయ్యారట. మా కాలనీకి రెండు వీధుల అవతలే ఇల్లు. ఆ రోజు నుంచి నాకాయన బాబాయ్ గారు. ఆ బండి సొంతంగా చేసుకున్నదే. రెండు పాత సైకిళ్ళ ఫ్రేములు కోసి అతికారు. చైను మాత్రం ఒకటి సరిపోలేదు, రెండున్నర చైన్లు కలిపితేగానీ ముందున్న పెడల్స్ నుంచి వెనక చక్రం దాకా అందలేదన్నారు. ఇలాంటి వాటిని రికంబెంట్ సైకిళ్ళంటారు. "ఎదురుగాలిలో దీన్ని కొట్టేది లేదు బాబూ, ఎత్తు మీదే తంటా" అని ఆయన రెండు ముక్కల్లో తేల్చేశారు.

ఇంటికొచ్చి చెబితే ఇంటర్ ఎం.పి.సి. చదువుతున్న మా అమ్మాయి ఒకటే ప్రశ్న వేసింది. "అది అంత మంచిదైతే ఊరంతా అదే తొక్కాలి కదా నాన్నా, ఒక్కాయన దగ్గరే ఎందుకుంది?"

సరదాకి అడిగిందే అయినా నాకది సరదా విషయం కాదు. అంతకు ఆరు నెలల ముందే నడుం నొప్పికి స్కాన్ తీయిస్తే కింది డిస్కు ఒకటి పక్కకు జరిగిందన్నారు. ఇరవై ఏళ్ళు కౌంటరు దగ్గరా కంప్యూటరు ముందూ వంగి కూర్చున్న ఫలం. సైకిల్ తొక్కడం మంచిదే, వంగి తొక్కడం మాత్రం వద్దు అన్నారు డాక్టరుగారు. నేను తొక్కేది మా నాన్నగారు వాడిన పాత ఇరవై రెండంగుళాల సైకిల్. దాన్ని ఉంచుకోవాలా, మార్చాలా అన్న ఆలోచన అప్పటికే ఉంది. అందుకని అమ్మాయి ఫిజిక్స్ పుస్తకం, నా ఎక్సెల్ షీటు ముందేసుకుని ఇద్దరం కూర్చున్నాం.

మన ఉద్యోగంలో ఎఫిషియన్సీ అన్న మాట రోజుకు పదిసార్లు వింటాం. వంద రూపాయలు సంపాదించడానికి ఎన్ని రూపాయలు ఖర్చు పెట్టాం అన్నది బ్యాంకు లెక్క. సైకిల్ లెక్కా అంతే. ఒక కిలోమీటరు ముందుకు వెళ్ళడానికి మన కాళ్ళు ఎంత శక్తి ఖర్చు పెట్టాలి? తక్కువ పెట్టించేదే మెరుగు. అయితే ఎం.బి.ఏ.లో మా ప్రొఫెసరు ఒకాయన ఏ నిష్పత్తి చూపించినా ముందు హారంలో ఏం పెట్టారో చూడమనేవారు. ఆ మాట ఈ వ్యవహారంలో చివర్లో అక్కరకొచ్చింది.

సైకిల్ ఖాతాలో ఖర్చులు ప్రధానంగా మూడు. మొదటిది టైరు ఖర్చు. చక్రం దొర్లేటప్పుడు నేలకు ఆనిన చోట రబ్బరు నొక్కుకుని మళ్ళీ లేస్తుంది. ఆ నొక్కుడులో కొంత శక్తి వేడిగా పోతుంది. బరువును బట్టి, టైరులో గాలిని బట్టి ఉంటుంది తప్ప వేగంతో పెద్దగా మారదు. నెల జీతం లాంటి స్థిర వ్యయం. రెండోది ఎత్తు ఖర్చు. ఎక్కేటప్పుడు మన బరువూ బండి బరువూ కలిపి పైకి మోయాలి. మూడోది గాలి.

గాలి కంటికి కనిపించదు కాబట్టి దాని ఖర్చూ కనిపించదు. కానీ ఒక ఘనపు మీటరు గాలి కిలోకు పైనే బరువుంటుంది. నిటారుగా కూర్చున్న మనిషి ఎదురుగా చూస్తే సుమారు అర చదరపు మీటరు అడ్డం. అంటే ఒక కిలోమీటరు వెళ్ళేసరికి ఐదు వందల ఘనపు మీటర్ల గాలిని, బరువులో చెప్పాలంటే అర టన్నుకు పైగా, పక్కకు నెట్టుకుంటూ పోవాలి. మెల్లగా నెడితే ఊరుకుంటుంది. వేగం పెంచితే మాత్రం వదలదు. వేగం రెట్టింపైతే గాలి మనల్ని వెనక్కి తోసే బలం నాలుగు రెట్లవుతుంది. ఆ నాలుగు రెట్ల బలాన్ని సెకనుకు రెట్టింపు దూరం నెట్టాలి కాబట్టి కాళ్ళు ఇవ్వాల్సిన శక్తి ఎనిమిది రెట్లు. మన ఖాతాదారులకు చక్రవడ్డీ గురించి చెప్పేటప్పుడు కూడా ఇంత భయంకరమైన ఉదాహరణ దొరకదు.

వెనక్కి వాలి కూర్చునే సైకిల్ చేసే పనల్లా ఈ మూడో ఖర్చు మీదే. కాళ్ళు ముందుకు చాచడం వల్ల ఛాతీ, పొట్ట, తొడలు అన్నీ ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి. గాలికి ఎదురయ్యేది తక్కువ. ఆకారాన్నీ అడ్డాన్నీ కలిపి ఇంజనీర్లు ఒకే అంకె వాడతారు. మామూలు సైకిల్ మీద నిటారుగా కూర్చున్న మనిషికి అది 0.55 చదరపు మీటరు దగ్గర, సాధారణ రికంబెంట్‌కి 0.3 దగ్గర వేసుకోవచ్చు. ఇంచుమించు సగం.

ఇక షీటులో వేసిన లెక్క. మనిషి 70 కిలోలు, నాన్నగారి సైకిల్ 18 కిలోలు, బాబాయ్ గారి బండి 22 కిలోలు అనుకున్నాం. చదునైన రోడ్డు, గాలి లేదు, టైర్లలో గాలి నిండుగా ఉంది. గంటకు 10 కిలోమీటర్ల వేగంలో మామూలు సైకిల్‌కి కాళ్ళు ఇవ్వాల్సింది 21 వాట్లు, రికంబెంట్‌కి 19. తేడా లేనట్టే. 15 కిలోమీటర్ల దగ్గర 45, 35. 20 దగ్గర 83, 60. 25 దగ్గరకొచ్చేసరికి 143, 96. 30కి వెళితే మామూలు సైకిల్‌కి 227 వాట్లు కావాలి, రికంబెంట్‌కి 146 చాలు. అంటే మామూలు సైకిల్ మీద 25 వేగానికి పడే కష్టంతోనే రికంబెంట్ మీద 30 దాకా పోవచ్చు.

నా బోటి వాడు గంటసేపు ఆగకుండా ఇవ్వగలిగింది మహా అయితే 80 వాట్లు. పాతకాలపు టేబుల్ ఫ్యాను తినే కరెంటు కంటే కాస్త ఎక్కువ. ఆ 80తో నాన్నగారి సైకిల్ మీద గంటకు 20 కిలోమీటర్లు, బాబాయ్ గారి దాని మీద 23. అయితే ఆ జూన్ ఉదయం ఆయన నన్ను దాటింది మూడు కిలోమీటర్ల తేడాతో కాదు, అంతకంటే చాలా ఎక్కువతో. దానికి జవాబు ఎదురుగాలి. మనం 15లో పోతూ ఎదురుగాలి కూడా 15లో వీస్తుంటే మన ఒంటికి తగిలే గాలి 30. అప్పుడు మామూలు సైకిల్‌కి 45 వాట్ల బదులు 114 వాట్లు కావాలి. రికంబెంట్‌కి 73. నేను చేతులెత్తేసే చోట ఆయనకింకా మిగులుంది.

ఎత్తు మీద సంగతి తిరగబడుతుంది. వందకు ఐదు ఎత్తున్న రోడ్డు మీద గంటకు 8 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే నా సైకిల్‌కి 111 వాట్లు, ఆయన దానికి 114. కాగితం మీద మూడు వాట్లే తేడా, బండి బరువు తెచ్చిన తేడా. కానీ రోడ్డు మీద అంతకంటే ఎక్కువే ఉంటుంది. మామూలు సైకిల్ మీద లేచి నిలబడి ఒంటి బరువంతా పెడల్ మీద వేయవచ్చు. వాలి కూర్చున్నవాడికి ఆ వీలు లేదు. సీటుకు వీపు ఆనించి కాళ్ళతో నెట్టాల్సిందే. చిన్న గేరు లేకపోతే మోకాళ్ళకు చేటు. పైగా నడక వేగానికి దిగేసరికి బ్యాలెన్సు పట్టుకోవడమే ఒక పని అవుతుంది. రుషికొండ మీద ఆయన మెలికలు తిరిగింది అందుకే.

మా అమ్మాయి ప్రశ్నకు ఇక్కడితో సగం జవాబే దొరికింది. చదును రోడ్డుకు ఇంత లాభం ఉంటే ప్రపంచంలో పోటీలు పెట్టేవాళ్ళయినా వాడాలి కదా? దీని వెనక తొంభై ఏళ్ళనాటి కథ ఒకటుంది.

ఫ్రాన్సులో చార్ల్స్ మోషే అనే ఆయన ఉండేవాడు. కొడుకు జార్జ్ సైకిల్ అడిగితే, పిల్లవాడికి సైకిల్ ప్రమాదమని తల్లి ఒప్పుకోలేదు. ఏ దేశమైనా తల్లి తల్లే కదా. దాంతో మోషే పడిపోకుండా నాలుగు చక్రాల పెడల్ బండి చేసిచ్చాడు. పిల్లవాడు దాని మీద తోటివాళ్ళ సైకిళ్ళను దాటిపోవడం మొదలుపెట్టాడు. ఆ ఉత్సాహంతో పెద్దవాళ్ళకు ఇద్దరు కూర్చునే పెడల్ కార్లు చేసి వెలోకార్ పేరుతో అమ్మాడు. ఆ తర్వాత దాన్ని నిలువునా సగం చేసినట్టుగా రెండు చక్రాల మీద వాలి కూర్చునే సైకిల్ తయారుచేశాడు.

అప్పట్లో సైక్లింగులో అన్నిటికంటే పెద్ద పరీక్ష గంట రికార్డు. ట్రాకు మీద ఒంటరిగా ఒక్క గంటలో ఎంత దూరం పోగలరు అన్నదే పోటీ. స్విట్జర్లాండ్‌కు చెందిన ఆస్కార్ ఎగ్ 1914లో 44.247 కిలోమీటర్లు తొక్కాడు. పంతొమ్మిదేళ్ళు ఎవరూ దాన్ని కదపలేకపోయారు. మోషే తన సైకిల్‌ని ఫ్రాన్సిస్ ఫోర్ అనే రెండో శ్రేణి రేసరుకిచ్చాడు. మొదటి శ్రేణివాళ్ళ పక్కన లెక్కలోకి రాని మనిషి. 1933 జులై 7న పారిస్ ట్రాకు మీద అతను 45.055 కిలోమీటర్లు తొక్కేశాడు. ఎగ్ కంటే ఎనిమిది వందల మీటర్లు ఎక్కువ.

ఇక్కడ అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్యకు చిక్కొచ్చిపడింది. గెలిచింది మనిషా, బండా? అసలిది సైకిలేనా? రెండు చక్రాలున్నాయి, పెడల్స్ ఉన్నాయి, చైనుంది, గాలిని కోసే తొడుగేదీ లేదు. నిబంధనల్లో ఎక్కడా మనిషి నిటారుగా కూర్చోవాలని రాసి లేదు. అందుకని సమాఖ్య 1934లో నిబంధనలనే తిరగరాసింది. పెడల్ ఇరుసు నేలకు ఎంత ఎత్తులో ఉండాలి, సీటు దానికి ఎంత దూరంలో ఉండాలి అని కొలతలు పెట్టింది. ఆ కొలతల్లో మోషే సైకిల్ పట్టలేదు. ఫోర్ రికార్డు వేరే ఖాతాలోకి పోయింది. 1933 ఆగస్టులో మోరిస్ రిషార్ మామూలు సైకిల్ మీద తొక్కిన 44.777 కిలోమీటర్లు అసలు రికార్డుగా నిలిచింది. తక్కువ తొక్కినవాడి పేరు పుస్తకంలో, ఎక్కువ తొక్కినవాడి పేరు అనుబంధంలో. మోషే ఆ ఏడాదే కన్నుమూశాడు.

ఈ నిర్ణయాన్ని నేను పూర్తిగా తప్పుపట్టను. మనిషి బలాన్ని పోల్చాలంటే యంత్రం ఒకటే ఉండాలన్న వాదనలో న్యాయముంది. అయితే రేసుల్లో లేని సైకిల్‌ని కంపెనీలు చేయవు, కంపెనీలు చేయనిది షాపులో ఉండదు, షాపులో లేనిది జనం అడగరు. ఇదొక్కటే కారణమని అనను గానీ, మా అమ్మాయి ప్రశ్నకు మిగతా సగం జవాబులో పెద్ద భాగం ఇదే. మన బ్యాంకుల్లో కూడా అంతే కదా, రిటర్నులో కాలమ్ లేని పని ఎంత మంచిదైనా బ్రాంచిలో ఎవరికీ గుర్తుండదు.

ఫోర్ ఊరుకోలేదు. 1939లో సైకిల్ చుట్టూ గాలిని చీల్చే తొడుగు కట్టుకుని గంటలో 50 కిలోమీటర్లు దాటాడు. మామూలు సైకిల్ మీద ఆ అంకె దాటడానికి 1984 దాకా, ఇటలీకి చెందిన ఫ్రాన్సెస్కో మోజర్ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. మధ్యలో 1972లో మహామహుడైన ఎడ్డీ మెర్క్స్ మెక్సికోలో ప్రాణం పెట్టి తొక్కినా 49.431 దగ్గరే ఆగాడు. ఇప్పటి లెక్కలు చూస్తే తేడా ఇంకా పెరిగింది. ఫిలిప్పో గన్నా 2022 అక్టోబరులో స్విట్జర్లాండ్ ట్రాకు మీద తొక్కింది 56.792 కిలోమీటర్లు. అతను ప్రపంచంలోనే అత్యంత బలమైన కాళ్ళున్నవాళ్ళలో ఒకడు. 2016లో ఫ్రాన్సెస్కో రూసో పూర్తిగా తొడుగు మూసిన రికంబెంట్‌లో గంటకు 92 కిలోమీటర్లు దాటాడు. అదే ఏడాది అమెరికాలోని నెవాడా ఎడారి రోడ్డు మీద కెనడాకు చెందిన టాడ్ రైకర్ట్ కాసేపటికైతే గంటకు 144 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. ఆ బండి పేరు ఈటా. ఇంజనీర్లు ఎఫిషియన్సీకి గుర్తుగా వాడే గ్రీకు అక్షరం అదే. మోటారు లేదు, పెట్రోలు లేదు, రెండు కాళ్ళు మాత్రమే.

ఈ తొడుగుల సంగతి చదివి మా అమ్మాయి మనమూ ఒకటి కట్టుకుందామంది. మే నెలలో విశాఖ ఉక్కలో నాలుగు వైపులా మూసిన డబ్బాలో కూర్చుని తొక్కడం ఊహించుకోమన్నాను. ఆ ప్రతిపాదన అక్కడే శాంక్షన్ కాకుండా పోయింది.

తర్వాతి శనివారం బాబాయ్ గారు తన బండి నాకిచ్చి ఖాళీ స్థలంలో తొక్కమన్నారు. నాలుగో ఏట నుంచి సైకిల్ తొక్కుతున్నానన్న ధీమా ఐదు నిమిషాల్లో పోయింది. మూడుసార్లు పడ్డాను. ఎత్తు తక్కువ కాబట్టి మోచెయ్యి గీసుకోవడంతో సరిపోయింది. మామూలు సైకిల్ మీద మనకు తెలియకుండానే నడుంతో, భుజాలతో బ్యాలెన్సు చేస్తాం. ఇక్కడ వీపు సీటుకు అతుక్కుపోయి ఉంటుంది, చేసేదంతా చేతులతోనే. బయల్దేరడమే అన్నిటికంటే కష్టం. మొదటి పెడల్ గట్టిగా నొక్కి, రెండో కాలు వెంటనే పైకి తీయాలి. "కాళ్ళకేసి చూడకండి, దూరంగా చూడండి" అని ఆయన పక్కన పరుగెత్తుతూనే ఉన్నారు. నాలుగు శనివారాలకు రోడ్డెక్కాను. తొడల్లో అప్పటిదాకా ఎన్నడూ నొప్పి పుట్టని చోట నొప్పి పుట్టింది. కండరాలకు కొత్త భంగిమ అలవాటయ్యేదాకా ఆ లెక్కలో చెప్పిన వాట్లు రావని అప్పుడర్థమైంది.

ఇంకో భయం కూడా తెలిసొచ్చింది. ఒక జంక్షన్‌లో సిగ్నల్ పడగానే పక్కనున్న ఆటో నా మీదకు తిరిగింది. అరిచేదాకా ఆ అబ్బాయికి నేనున్నట్టే తెలియదు. తప్పు పూర్తిగా అతనిదని అనలేను, అతని కళ్ళ కింద ఎక్కడో ఉన్నాను నేను. బాబాయ్ గారు వెదురు కర్రకు ఎర్ర గుడ్డ కట్టి వెనక నిలబెట్టుకునేది ఎందుకో ఆ రోజు తెలిసింది. లారీలు, బస్సులు, ఆవులు అన్నీ కలిసి నడిచే మన రోడ్ల మీద డ్రైవరు కంటి ఎత్తులో తల ఉండటం చిన్న విషయం కాదు. ఈ లాభం ఏ వాట్ల పట్టికలోనూ రాదు.

ఇక రోజువారీ ఖర్చుకొద్దాం. మా ఇంటి నుంచి బ్రాంచికి ఆరు కిలోమీటర్లు, రానూ పోనూ పన్నెండు. సిగ్నళ్ళూ ట్రాఫిక్కూ కలుపుకుని నా వేగం 15 దాటదు. తిన్న దానిలో సుమారు నాలుగో వంతే పెడల్స్ దాకా చేరుతుంది, మిగతాది చెమటా వేడీ. ఆ లెక్కన మామూలు సైకిల్‌కి కిలోమీటరుకు 10.7 కిలోకేలరీలు, రికంబెంట్‌కి 8.4. పన్నెండు కిలోమీటర్లకు తేడా 28 కిలోకేలరీలు. ఒక ఇడ్లీకి 50 వేసుకుంటే, రోజుకు అర ఇడ్లీ ఆదా. దీనికోసం రెండు మీటర్ల పొడుగు బండిని బ్రాంచి మెట్ల దగ్గర ఎక్కడ పెట్టాలా అని వెతుక్కోవాలి.

ఈ లెక్క వేస్తుండగానే ఇంకో సంగతి బయటపడింది. నాన్నగారి సైకిల్ టైర్లు నొక్కి చూస్తే మెత్తగా ఉన్నాయి. టైరు ఖర్చు ఆ మెత్తదనంతో ఒకటిన్నర రెట్లు దాటిందనుకుని షీటులో వేస్తే 15 వేగానికి 45 వాట్లు కాస్తా 59 అయ్యాయి. అంటే కొత్త రకం సైకిల్ కొంటే మిగిలేది 10 వాట్లు, పంపు తీసి గాలి కొట్టుకుంటే మిగిలేది 14. అప్పుల వసూళ్ళు వదిలేసి కొత్త డిపాజిట్ల కోసం ఊరంతా తిరిగినట్టుంది నా యవ్వారం. ఆ సాయంత్రమే గాలి కొట్టి, చైను కిరోసిన్‌తో కడిగి, నూనె వేశాను. ఇంట్లో సైకిల్ ఉన్నవాళ్ళు ఈ వ్యాసం పక్కన పెట్టి ముందు ఆ పని చేయండి. బొటనవేలితో గట్టిగా నొక్కితే టైరు లోపలికి పోకూడదు.

మా అమ్మాయి అప్పటికే ఇంకో మెలిక పెట్టింది. "డాక్టరుగారు నిన్ను వ్యాయామానికి కదా తొక్కమన్నది? ఎక్కువ ఖర్చయ్యే సైకిలే నీకు మంచిది." దానికి నా దగ్గర జవాబు లేదు. మా ప్రొఫెసరుగారు హారం చూడమన్నది ఇందుకే. కిలోమీటరుకు ఎంత శక్తి అని అడిగితే ఒక సైకిల్ గెలుస్తుంది, అరగంటకు ఎంత కొవ్వు కరిగిందని అడిగితే ఇంకోటి గెలుస్తుంది.

నా విషయంలో అడగాల్సిన ప్రశ్న ఆ రెండూ కాదని తెలియడానికి డిసెంబరు దాకా పట్టింది. నాన్నగారి సైకిల్ మీద భీమిలి వెళ్ళిన ప్రతిసారీ పదిహేను కిలోమీటర్ల దగ్గర నడుంలో సన్నగా మొదలయ్యేది. ఇరవై దగ్గర దిగి పిట్టగోడకు ఆనుకుని నిలబడాల్సిందే. కాళ్ళలో సత్తువుండేది, ఊపిరుండేది, నడుం మాత్రం చాలనేది. డిసెంబరులో ఒక ఆదివారం బాబాయ్ గారు ఊళ్ళో లేకపోతే ఆయన బండి తీసుకుని ఒంటరిగా బయల్దేరాను. భీమిలి లైట్‌హౌస్ దగ్గర టీ తాగి తిరిగొచ్చాను. దాదాపు యాభై కిలోమీటర్లు. రెండు ఎత్తుల దగ్గర దిగి తోసుకుంటూ నడిచానని ఒప్పుకుంటాను. కానీ నడుం ఒక్కసారి కూడా గుర్తు చేయలేదు. సీటు వీపంతా మోస్తుంది, మెడ వంచనక్కర్లేదు, మణికట్ల మీద బరువు లేదు. స్కాన్ తీయించిన తర్వాత అంత దూరం నొప్పి లేకుండా పోయింది అదే మొదటిసారి. ఇంటికొచ్చి సోఫాలో కాకుండా కింద చాప మీద కూర్చుని అన్నం తిన్నాను. మా ఆవిడ వడ్డిస్తూ ఆగి నాకేసి చూసింది, ఏమీ అనలేదు. ఏడాదిగా నేను కింద కూర్చోలేదు మరి.

వాట్ల పట్టికలో రెండు సైకిళ్ళనూ పోల్చేటప్పుడు రెండింటి మీదా కూర్చున్నది ఒకే 70 కిలోల మనిషి. ఇరవయ్యో కిలోమీటరు దగ్గర ఆ మనిషికి ఏమవుతుందో అందులో వేసుకోలేదు మేము.

నాకూ ఒకటి చేసిపెట్టమని బాబాయ్ గారిని అడిగాను. ఆయన వచ్చి నాన్నగారి సైకిల్ ఫ్రేము తట్టి చూసి, "మంచి స్టీలు బాబూ, ఇలాంటిది ఇప్పుడు రాదు, దీన్నే కోసేద్దాం" అన్నారు. వద్దన్నాను. ఆయనకేం కోపం రాలేదు, నవ్వి ఊరుకున్నారు. పాత సామాన్ల కొట్లో రెండు తుప్పు పట్టిన ఫ్రేములు తెచ్చాం. నాన్నగారి సైకిల్‌కి కొత్త టైర్లు వేయించాను. హ్యాండిల్ రెండంగుళాలు పైకి లేపించి సోమవారం నుంచి శనివారం దాకా బ్రాంచికి దాని మీదే వెళుతున్నాను. వారంవారం గాలి చూసే బాధ్యత మా అమ్మాయిది.

కొత్త బండికి ఫ్రేము అతకడం అయింది, గేర్లు కూడా దొరికాయి. సీటు వాలు ఎంత పెట్టాలన్న దగ్గరే ఇద్దరికీ ఇంకా కుదరలేదు. ఇంకో పది డిగ్రీలు వెనక్కి వాలిస్తే ఎదురుగాలికి తిరుగుండదని ఆయన అంటారు. లారీ డ్రైవరుకు నా తల కనబడాలని నేనంటాను. ప్రస్తుతానికి రెండు బోల్టులు వదులుగానే ఉంచారు.